ఒక్క ఎస్సు చేసిన లొల్లి

నవ్వనని మాటిస్తేనే చెప్తా. మధ్యల నవ్విన్రనుకో, చాయ్ అక్కడ పెట్టి లేచిపోతా.

పోయిన వారం మా డిపార్ట్‌మెంటుల పెద్ద లొల్లి అయిందని మీరూ వినే ఉంటరు. క్యాంపస్ అంత అదే ముచ్చట. ఆఫీసుల పనిచేసే ఎవరో హెడ్ మేడం మీద ఎగిరిన్రంట, ఫైలు విసిరిన్రంట, మేడం కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నరంట! ఆ ఎవరో నేనే. ఫైలు విసరలేదు. ఎగరలేదు. గట్టిగ దగ్గను కూడ లేదు. ఇంగ్లీషుల ఒక్క ఎస్సు ఎక్కువ పెట్టిన, అంతే.

మొదటి నుంచి చెప్తా. యూనివర్సిటీల నేను డిపార్ట్‌మెంట్ ఆఫీసుల సీనియర్ అసిస్టెంట్‌నని మీకు తెలిసిందే. పద్నాలుగేండ్ల సర్వీసు. ఇంగ్లీషు రాదని కాదు, వస్తది. కాని నాకొచ్చేది ఫైలు ఇంగ్లీషు. కైండ్లీ, హియర్‌విత్, ఫర్ నెసెసరీ యాక్షన్, ఇవి ఎన్నంటే అన్ని రాస్తా. పాత ఫైలు తీసుడు, పేరు మార్చుడు, తేదీ మార్చుడు, ఖతం. ఒకరోజు ఇంటర్ చదివే మా బిడ్డ నా ఫోన్ చూసింది. "అమ్మా, వచ్చేటప్పుడు టమాటలు తెమ్మని డాడీకి 'ప్లీజ్ డు ద నీడ్‌ఫుల్' అని పెట్టినవేందే!" అని పొట్ట పట్టుకొని నవ్వింది. వాళ్ల డాడీ కూడ నవ్విండు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల పనిచేస్తడు, ఆయన ఇంగ్లీషు నాకు తెల్వదా? అయినా నవ్విండు. నాకు రోషమొచ్చింది. తెల్లారే పోయి తార్నాకల, బేకరీ మీద ఒక స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసున్నది, అండ్ల చేరిన. సోమ, బుధ, శుక్రవారాలు, సాయంత్రం అయిదున్నరకు.

ఆ సోమవారం బోర్డు మీద అన్నీ మాటల ఇడియమ్సే. చాడీలు చెప్పుడు, కొట్లాడుడు, నోటికొచ్చింది అనుడు, వీటన్నిటికీ ఇంగ్లీషోళ్లు ఏమంటరో ఆ లెక్క. నేను నోట్‌బుక్కుల ఒకపక్క ఇంగ్లీషు, ఒకపక్క తెలుగు రాసుకుంటున్న. చ్యూ ద ఫ్యాట్. కొవ్వు నములుట, అంటే ముచ్చట్లు పెట్టుట. స్పిల్ ద బీన్స్. గింజలు ఒలకబోసుట, అంటే గుట్టు బయటపెట్టుట. బోన్ టు పిక్. బొక్క ఏరుట, అంటే నీతో నాకొక పంచాయితీ ఉన్నదనుట. ఈట్ యువర్ వర్డ్స్. అన్న మాట మళ్ల నువ్వే తినుట. నా పక్కన ఒక రిటైర్డ్ పెద్దాయన కూసుంటడు. ఆయన నా బుక్కుల తొంగి చూసి, "ఏందమ్మా, వీళ్లు మాట్లాడుతున్నరా, దావత్ చేసుకుంటున్నరా?" అన్నడు.

క్లాసు సార్ ఊకుంటడా! "మనమేం తక్కువ తిన్నమా పెద్దాయనా? మనం బుర్ర తింటం, చెవి కొరుకుతం, మాట మింగుతం, నోరు పారేసుకుంటం" అన్నడు. అందరం నవ్వినం. నవ్వుతనే సార్ ఆఖరి రెండు లైన్లు రాసిండు. మొదటిది, హ్యావ్ ఎ వర్డ్ విత్. అంటే ఒకరితోని మాట్లాడుట. రెండోది, హ్యావ్ వర్డ్స్ విత్.

రెండో దానికి నేను ఇంగ్లీషు రాసుకున్న. తెలుగు రాసుకునేలోపల ఫోన్ మోగింది. మా బిడ్డ. "అమ్మా, నల్లా వచ్చింది! మోటర్ ఎక్కుతలేదు!"

మా లాలాపేట్ల నల్లా నీళ్లు రోజు తప్పి రోజు వస్తయ్. వచ్చినప్పుడు పట్టుకోకుంటే మళ్ల ఎల్లుండి దాక ట్యాంకు చూసుకుంట కూసోవాలె. ఇగ ఇడియమ్ ఏంది, ఏమేంది! బ్యాగు సంకన పెట్టుకొని ఉరికిన.

బస్సుల సీటు దొరికింది. నోట్‌బుక్ తీసిన. హ్యావ్ వర్డ్స్ విత్ పక్కన ఖాళీ ఉన్నది. నాకు ఖాళీ కాలమ్ అంటే పడదు. పద్నాలుగేండ్ల నుంచి ఫారాలు నింపే చెయ్యి ఇది. ఆలోచన చేసిన. ఒకటేమో వర్డ్, ఒకటేమో వర్డ్స్. ఎస్సెందుకు వస్తది? ఎక్కువ మంది ఉంటే వస్తది. మరి మనం పెద్దోళ్లతోని ఎట్ల మాట్లాడుతం? మనిషి ఒక్కరే ఉన్నా "వచ్చిన్రు" అంటం, "కూసోండ్రి" అంటం, "మీరు" అంటం. ఒక్కరిని పదిమంది లెక్క చూస్తం, అదే మర్యాద. ఇంగ్లీషోళ్లకు మాత్రం మర్యాద ఉండదా? అటెండర్ యాదయ్యతోని మాట్లాడితే ఎ వర్డ్, హెడ్ మేడంతోని మాట్లాడితే వర్డ్స్. లెక్క ఎంత సక్కగ కుదిరిందంటే, నాకు నేనే శభాష్ అనుకున్న. పెన్ను తీసి, కుదుపులల్లనే రాసిన. గౌరవంగ మాట్లాడుట.

ఇగ మంగళవారం. మా డిపార్ట్‌మెంటుల స్వప్న అని ఒక స్కాలర్ ఉన్నది. జనగామ దిక్కు పల్లె, నాయన వ్యవసాయం చేస్తడు. మాణికేశ్వర్ నగర్ల ఒక రూముల తోటి చదువుకునే ముగ్గురు ఆడపిల్లలతోని సర్దుకొని, ఆరేండ్లు పీహెచ్‌డీ చేసింది. గురువారం పదకొండు గంటలకు ఆమె వైవా. ప్రశ్నలు అడగనీకె వైజాగ్ నుంచి ఒక ఎగ్జామినర్ మేడం రావాలె. ఆమె బుధవారం సాయంత్రం రైలెక్కాలె. ఈ డేటు తప్పితే ఆమెకు మళ్ల రెండు నెలల దాక తీరదు. స్వప్నకేమో సోమవారం ఒక డిగ్రీ కాలేజీల లెక్చరర్ ఇంటర్వ్యూ. వైవా అయినట్టు కాయిదం చూపెట్టకుంటే లోపలికే రానియ్యరు. గురువారం కాకుంటే ఆ పిల్ల ఉద్యోగం పోయినట్టే.

ఇండ్ల ఇంకో చిక్కున్నది. స్వప్నకు గైడు ప్రభాకర్ సార్. నోటీసు మీద సంతకం పెట్టాల్సింది హెడ్, వసుంధర మేడం. వాళ్లిద్దరికి మూడేండ్ల నుంచి మాటల్లేవు. ఎందుకో చెప్తే నవ్వుతరు, పొద్దున మొదటి గంట క్లాసు ఎవరిదన్న దగ్గర చెడింది. ఎదురెదురు రూములు, మధ్యల నా ఆఫీసు. "పద్మా, ప్రభాకర్ గారికి చెప్పు" అని ఈమె. "పద్మమ్మా, మేడంకు జర చెప్పు" అని ఆయన. వాళ్ల మాటలు మోసుడే నా అసలు డ్యూటీ, ఫైళ్లు దాని తర్వాత.

ఆ రోజు ప్రభాకర్ సార్ పని మీద వరంగల్ పోయిండు. నేను నోటీసు పట్టుకొని భయం భయంగ మేడం రూముకు పోయిన. మేడం గుంటూరు వైపు మనిషి, చాలా నెమ్మదస్తురాలు, కాని ఒక్క చూపు చూస్తే మనం ఫైలు మళ్ల చదువుకోవాలె. ఆమె నోటీసు చదివి, టక్కున సంతకం పెట్టింది.

"పాపం, పిల్ల ఆరేళ్లు కష్టపడింది పద్మా. సెమినార్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో నువ్వే చూడు. వాళ్ల నాన్నగారు వస్తున్నారా?"

"వస్తున్నరంట మేడం. ఊరోళ్లను కూడ తెస్తున్నడంట."

"ముందు వరసలో కూర్చోబెట్టు. మనవాళ్లెవరూ ఆ కుర్చీలు ఆక్రమించకుండా చూడు."

చూసిన్రా, ఎంత మంచిగ అయిపోయిందో! బయటికొచ్చి ప్రభాకర్ సార్‌కు మెసేజ్ పెడదామని ఫోన్ తీసిన. రోజూ అయితే "సార్, సంతకం అయింది" అని తెలుగుల పెడుత. ఆ రోజు మనసొప్పలేదు. మూడేండ్ల నుంచి మొహాలు చూసుకోనోళ్ల మధ్య సంతకం తెచ్చిన, ఉత్త తెలుగుల పెడితే ఏమన్న విలువుంటదా? ఇడియమ్ గుర్తుకొచ్చింది. పెట్టిన.

"సర్, ఐ హ్యాడ్ వర్డ్స్ విత్ హెచ్ఓడీ మేడం రిగార్డింగ్ స్వప్న వైవా. ఎవ్రీథింగ్ ఈజ్ ఓవర్. రెస్ట్ ఇన్ పర్సన్."

నా మనసుల ఏమున్నదంటే, మేడంతోని మర్యాదగ మాట్లాడిన, పనంత అయిపోయింది, మిగిలింది మీరొచ్చినంక చెప్తా అని. రెండుసార్లు చదువుకున్న. స్పెల్లింగ్ తప్పు లేదు. మస్తు సంబురమైంది. ఫోన్ల చార్జింగ్ అయిపోవస్తున్నదని బీరువా ఎనక ప్లగ్గుకు పెట్టి, సెమినార్ హాల్‌కు పోయిన. ఫ్యాన్లు చూసిన. కుర్చీలు తుడిపిచ్చిన. అక్కడి నుంచి ఎగ్జామ్ బ్రాంచికి పోయిన, అక్కడ అయిదయింది. అట్లనే బస్సెక్కి ఇంటికొచ్చిన. ఫోన్ బీరువా ఎనకనే ఉన్నది.

ఆ సాయంత్రం ఇంట్ల ఎంత హాయిగ ఉన్నదంటే! మా ఆయన కూడ అన్నడు, "ఫోన్ లేకుంటే నువ్వు మనిషి లెక్క ఉన్నవ్" అని. నిజమే అనుకున్న. అక్కడ వరంగల్ నుంచి తార్నాక దాక నా పేరు మోగిపోతున్నదని నాకేం తెలుసు?

బుధవారం పొద్దున బస్సెక్కిన. నా పక్కన విజయ కూసున్నది. విజయ అడ్మిన్ బిల్డింగుల పనిచేస్తది, రోజూ కలిసే పోతం. కూసోంగనే నా మీదికి వంగి, "అక్కా, మీ డిపార్ట్‌మెంటుల నిన్న ఏంది కథ?" అన్నది.

"ఏంది?" అన్న.

"నీకు తెల్వదా! మీ ఆఫీసోళ్లెవరో హెడ్ మేడంతోని లొల్లి పెట్టుకున్నరంట కదా. ఫైలు విసిరికొట్టిన్రంట. మేడం ఏడ్చిన్రంట. ఎవరిదో పిల్లది వైవా కూడ ఆగిపోయిందంట."

మేడంను ఏడిపిచ్చిన్రా? ఎవరా పాపాత్ములు? లెక్కేసుకున్న. ఆఫీసుల ఉండేది ముగ్గురం. నేను కాదు. యాదయ్య కాదు, ఆయన నోట్లెకెళ్లి మాట రావాలంటే మనం రెండుసార్లు అడగాలె. మిగిలింది సెమినార్ లైబ్రరీ చూసుకునే సుదర్శన్. ఆయనకు జర నోటి దురుసు.

"ఇంకెవరు, సుదర్శనే అయ్యుంటడు" అన్న. అని ఊకున్ననా? లేదు! "అట్లాంటోళ్లను ఒక్కరోజు కూడ నౌకరీల ఉంచొద్దు విజయా. అంత మంచి మేడం మీద ఫైలు విసురుతరా? చేతులెట్ల వచ్చినయ్?" అన్న. బస్సుల అటుపక్కన ఉన్న ఇద్దరు క్యాంపస్ ఆడోళ్లు కూడ తలలూపిన్రు. నేను ఇంకింత జోరుగ చెప్పిన. తార్నాక వచ్చేదాక చెప్తనే ఉన్న. నన్ను నేనే అంత గట్టిగ తిట్టుకునుడు పుట్టినకాడి నుంచి అదే మొదటిసారి.

డిపార్ట్‌మెంట్ మెట్ల మీద స్వప్న కూసున్నది. కండ్లు ఉబ్బిపోయినయ్. నన్ను చూడంగనే లేచి రెండు చేతులు పట్టుకున్నది.

"మేడం, నా కోసం మీరెందుకు అంత పెద్ద లొల్లి పెట్టుకున్నరు? నా వైవా పోతే పోనీ, మీ నౌకరీకి ఏమన్న అయితే ఎట్ల?"

"నేనా? లొల్లా? ఎవరితోని?"

"హెడ్ మేడంతోని. ప్రభాకర్ సార్ చెప్పిండు, మీరే మెసేజ్ పెట్టిన్రంట. అంతా అయిపోయిందంట కదా. బాపుకు రావొద్దని చెప్పిన మేడం. జీపు మాట్లాడి పెట్టుకున్నడు. అందరికి చెప్పుకున్నడు." అంటనే మళ్ల ఏడ్చింది.

లోపలికి ఉరికి బీరువా ఎనకనుంచి ఫోన్ గుంజిన. ఇరవై మూడు మిస్డ్ కాల్స్. పందొమ్మిది ప్రభాకర్ సార్‌వి. యాదయ్య పక్కనే నిలబడి, అడగకముందే మాట్లాడిండు. "అక్కా, నీకింత ధైర్యం ఉన్నదని నాకు తెల్వకపాయె" అన్నడు. పద్నాలుగేండ్లల్ల ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

సార్‌కు ఫోన్ చేసిన. ఆయన వరంగల్ నుంచి బస్సుల వస్తున్నడు.

"ఏందమ్మా పద్మా, ఫోన్ ఎత్తవు! ఏమని కొట్లాడినవ్ మేడంతోని?"

"నేను కొట్లాడలేదు సార్! సంతకం పెట్టిచ్చిన. మీకు మెసేజ్ కూడ పెట్టిన కదా!"

"నువ్వేం పెట్టినవో చదువు. ఐ హ్యాడ్ వర్డ్స్ అంటే ఏంది? మాటా మాటా అనుకున్నం, లొల్లి అయిందని! ఎవ్రీథింగ్ ఈజ్ ఓవర్ అంటే ఏంది? అంత చెడిపోయిందని!"

"మర్యాదకు ఎస్సు పెట్టిన సార్" అన్న. "మర్యాదకా!" అని బస్సుల అందరికి వినపడేటట్టు ఒర్లిండు.

తర్వాత మెల్లగ అసలు సంగతి చెప్పిండు. నా మెసేజ్ చూసి ఆయనకు కోపం ఆగలేదంట. మూడేండ్ల తర్వాత మొదటిసారి మేడంకు ఫోన్ కొట్టి, "మా పిల్ల వైవా ఎందుకు ఆపిన్రు? మా పద్మమ్మను ఎందుకు అన్నరు?" అని నోటికొచ్చినట్టు అన్నడంట.

"మరి మేడం ఆపలేదని చెప్పలేదా సార్?"

"నేను చెప్పనిస్తే కదమ్మా!"

అంటే నేను రాసిన ఇంగ్లీషు రాసేటప్పుడు తప్పు. సార్ ఫోన్ పెట్టేసేటప్పటికి కరెక్టయింది. ఇప్పుడు నిజంగనే వాళ్లకు వర్డ్స్ అయినయ్.

ఇంకో బాంబు మిగిలే ఉన్నది. సార్ ఆ కోపంలనే వైజాగ్ మేడంకు కూడ ఫోన్ చేసి, ఇక్కడ పరిస్థితి బాలేదు, వైవా ఆగేటట్టున్నదని చెప్పిండంట. ఆమె మర్యాదస్తురాలు. "రేపు పన్నెండింటి దాకా చూస్తాను. మీ హెడ్ గారు స్వయంగా ఫోన్ చేస్తే వస్తాను, లేకపోతే టికెట్ క్యాన్సిల్ చేసుకుంటాను" అన్నరంట. గోడ గడియారం చూసిన. పదకొండుంబావు. స్వప్న తలుపు దగ్గర నిలబడి నా మొహమే చూస్తున్నది.

నోట్‌బుక్ చేతుల పట్టుకొని మేడం రూముకు పోయిన. తలుపు తోసి, "మేడం" అన్న.

"రండి పద్మగారూ. కూర్చోండి."

చచ్చిన అనుకున్న. మేడం నన్ను ఎప్పుడూ "పద్మా, నువ్వు" అనే అంటది. గారు పెట్టిందంటే అయిపోయినట్టే. మా ఇంట్ల కూడ అంతే, మా ఆయన నన్ను "మీరు చెప్పండి" అన్నడంటే ఆ పూట పొయ్యి ఎలగదు. మర్యాద ఎక్కువైతే అది మర్యాద కాదని మనకు తెల్వదా? ఆ సంగతి బస్సుల ఆలోచన చేసినప్పుడు ఎందుకు గుర్తుకు రాలేదో, నన్ను నేనే కొట్టుకోవాలనిపిచ్చింది.

"నేను మిమ్మల్ని ఏమన్నానండీ?" అన్నది మేడం. "అడగ్గానే సంతకం పెట్టాను. మీరు బయటికెళ్లి నేను గొడవపడ్డానని రాశారు. ఆయన ఫోన్లో ఎన్ని మాటలన్నారో తెలుసా? పొద్దున్నుంచి ముగ్గురు వచ్చి నన్ను ఓదార్చారు. నేను ఏడ్చానట."

నాకు నిజంగ ఏడుపొచ్చింది. నోట్‌బుక్ తెరిచి ముందల పెట్టిన. వేలు పెట్టి చూపెట్టిన.

మేడం కండ్లద్దాలు పెట్టుకొని చదివింది. కొవ్వు నములుట. గింజలు ఒలకబోసుట. బొక్క ఏరుట. కిందికి కిందికి వచ్చి ఆఖరి లైన్ దగ్గర ఆగింది. "హ్యావ్ వర్డ్స్ విత్. గౌరవంగ మాట్లాడుట" అని పైకి చదివింది. ఇంకోసారి చదివింది.

"ఇలా అని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలేదు మేడం. నల్లా వచ్చిందని క్లాసు మధ్యల లేచొచ్చిన. బస్సుల నేనే రాసుకున్న. మీతోని మాట్లాడినప్పుడు ఎ వర్డ్ అంటే ఏకవచనం అయితది కదా, మీకు తక్కువ చేసినట్టుంటదని..."

మేడం నోట్‌బుక్ మొహానికి అడ్డం పెట్టుకున్నది. భుజాలు ఊగుతున్నయ్. అయ్యో, ఏడిపిచ్చిన అనుకున్న, క్యాంపస్ అన్నది ఇప్పుడు నిజమే అయింది అనుకున్న. బుక్కు దించినంక చూస్తే, నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లు.

"ఒకటుంటే మాటే. రెండోది చేరిందా, తగువు. ఇంగ్లీషులో అంతే పద్మా" అన్నది.

పద్మా అన్నది! గారు పోయింది! నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మేడం, పన్నెండింటి లోపల వైజాగ్ మేడంకు మీరొక్క ఫోన్ చెయ్యాలె. లేకుంటే ఆ పిల్ల ఇంటర్వ్యూ పోతది."

మేడం నవ్వు ఆపి, గడియారం చూసి, ఫోన్ తీసింది. సరిగ్గ అప్పుడే ధడాలున తలుపు తెరుచుకున్నది. సుదర్శన్! మొహం ఎర్రగయింది.

"అక్కా! నేనెప్పుడు ఫైలు విసిరిన? నన్ను ఒక్కరోజు కూడ నౌకరీల ఉంచొద్దని బస్సుల అందరి ముందల అన్నవంట! విజయ చెప్పింది!"

నేను గోడ దిక్కు చూసిన. మేడం నా దిక్కు చూసింది, సుదర్శన్ దిక్కు చూసింది. "అయితే నోరు పారేసుకున్నది పద్మ, ఫైలు విసిరింది సుదర్శన్, ఏడ్చింది నేను. ఇంకెవరికైనా ఏమైనా వేషం మిగిలిందా?" అన్నది. సుదర్శన్‌కు అర్థం కాలేదు. "తప్పయింది తమ్మీ, అన్న మాట తినేస్తున్న" అని చేతులు జోడిచ్చిన. ఆ ఇడియమ్ మాత్రం కరెక్టుగనే వాడిన, కాని మెచ్చుకునే మూడ్‌ల ఎవరూ లేరు.

పన్నెండుకు ఎనిమిది నిమిషాలు తక్కువున్నప్పుడు వైజాగ్ మేడం ఫోన్ ఎత్తిన్రు. "ఏ గొడవా లేదండీ, మా పద్మ కొంచెం మర్యాద ఎక్కువ చేసింది. మీరు బయల్దేరండి" అన్నది మా మేడం. అవతల ఏమన్నరో వినపడలేదు. మేడం ఫోన్ పెట్టేసి, వస్తున్నారు అన్నట్టు తలూపింది. నేను బయటికి ఉరికి, "స్వప్నా, బాపుకు ఫోన్ కొట్టు, జీపు మళ్ల మాట్లాడుమను!" అని ఒర్లిన. ఆ పిల్ల అక్కడనే మెట్ల మీద కూలబడి, నవ్వుకుంటనే ఏడ్చుకుంటనే ఫోన్ చేసింది. "రావొద్దంటివి, రమ్మంటివి, ఇంతకూ పరీక్ష ఉన్నదా లేదా బిడ్డా?" అని ఆ పెద్దమనిషి అరిచింది నాకు కూడ వినపడ్డది.

పన్నెండున్నరకు ప్రభాకర్ సార్ వచ్చిండు. నేరుగ తన రూముకు పోలేదు. మేడం తలుపు దగ్గర బడిపిల్లగాని లెక్క నిలబడ్డడు.

"సారీ మేడం. జర తొందరపడి నోరు జారిన."

"పర్లేదు ప్రభాకర్ గారూ. మూడేళ్ల తర్వాత ఫోన్ చేశారు, ఏదో ఒకటి అన్నారు. అసలు మాట్లాడకపోవడం కంటే నయమే కదా. రండి, టీ తాగుదాం."

నేను టీ తెప్పిచ్చిన. వాళ్లిద్దరు మాట్లాడుకుంటున్నరు, మధ్యల నేను అవసరం లేదు. కొంచెం బాధ కూడ అనిపిచ్చింది, ఉన్న డ్యూటీ పోయినట్టు. ఆ సాయంత్రం క్లాసుకు పోయి ఆ లైన్ కొట్టేసి, సార్ చెప్పింది చెప్పినట్టు రాసుకున్న. పెద్దాయనకు కథంత చెప్తే, "నల్లా చేసిన పని" అన్నడు. నా మీద దయగల మనిషి.

గురువారం వైవా మంచిగయింది. స్వప్న ఎంత ధైర్యంగ జవాబులు చెప్పిందో! ముందు వరసల వాళ్ల బాపు, తెల్ల అంగీ, భుజం మీద తువ్వాల. పక్కన జీపుల వచ్చిన తొమ్మిది మంది. ఇంగ్లీషుల జరుగుతున్నా, బిడ్డ మాట్లాడినప్పుడల్లా ఆయన పెదవులు కదులుతున్నయ్. వైజాగ్ మేడం లేచి డిగ్రీకి సిఫారసు చేస్తున్నమని చెప్పంగనే హాలంత చప్పట్లు. ఆయనకు ఎవరో తెలుగుల చెప్పిన్రు. ఆయన లేచి, ఎవరికి దండం పెట్టాల్నో తెల్వక, అందరికి పెట్టిండు. నాకు కూడ పెట్టిండు. సిగ్గుతోని చచ్చిపోయిన.

అంత అయిపోయిందని లేస్తుంటే ప్రభాకర్ సార్ మైకు పట్టుకున్నడు. మొహంల ఒక కొంటె నవ్వు. "నౌ, పద్మ విల్ సే ఎ ఫ్యూ వర్డ్స్" అన్నడు.

హాలు గొల్లుమన్నది. అటెండర్ యాదయ్యతోని సహా అందరికి తెలిసిపోయింది కథ. సుదర్శన్ అయితే ఎనకనుంచి ఈల కూడ ఏసిండు. నేను లేచి నిలబడ్డ. మైకు పట్టుకున్న. ఈసారి మాత్రం మోసపోనని గట్టిగ అనుకున్న.

"వర్డ్స్ వద్దు సార్. నేను ఒక్కటే వర్డ్ చెప్తా" అన్న. అందరు చూస్తున్నరు. "థ్యాంక్స్."

చప్పట్లు కొట్టిన్రు. గెలిచిన అనుకుంట దర్జాగ వచ్చి కూసున్న. పక్క కుర్చీల ఉన్న వసుంధర మేడం నా చెవి దగ్గరికి వంగింది.

"దానికి కూడా చివర్న ఎస్ ఉంది, పద్మగారూ."